ఈసీ నిల్ వచ్చింది, ఇక కొనవచ్చా? చంద్రగిరి మండలంలో ఇంటిస్థలం గురించి అడిగినవారికి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు చెన్నైలో ఉద్యోగం చేస్తూ, చంద్రగిరి మండలంలో 60 అంకణాల (240 చదరపు గజాల) ఇంటిస్థలం కొనాలనుకుంటున్నారు. అమ్మే ఆయన తండ్రి 1979లో 120 అంకణాల స్థలాన్ని రిజిస్టరు దస్తావేజుతో కొని, 2009లో వీలునామా ఏదీ రాయకుండానే కాలం చేశారు. 2011లో కొడుకులిద్దరూ చెరి సగం పంచుకుని భాగపరిష్కార దస్తావేజు రిజిస్టరు చేయించుకున్నారు. తల్లి జీవించే ఉన్నారు, ఇద్దరు అక్కచెల్లెళ్లున్నారు, “ఆడబిడ్డలకు పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం” అని అమ్మే ఆయన అంటున్నారు. 13 సంవత్సరాల ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో ఏమీ లేదు, పాస్‌పుస్తకం ఉంది, వారం లోపల 5 లక్షలు అడ్వాన్సు ఇమ్మంటున్నారు. ఈసీ నిల్ కాబట్టి కొనవచ్చా అన్నది మీ మొదటి ప్రశ్న, కొన్నాక ఎవరైనా తగాదాకు వస్తే ఏం చేయాలన్నది రెండోది.

తిరుపతి కోర్టుల్లో 30 ఏళ్లకు పైగా సివిల్ దావాలు నడిపినవాడిగా చెబుతున్నాను, అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకండి. మీరు పంపిన వివరాల్లో రెండు వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. 1979 దస్తావేజులో “నాకు సర్కారు పట్టా వలన సంక్రమించి నా అనుభవములో ఉన్న” అని ఉంది. 2011 దస్తావేజులో “మన తండ్రిగారికి మనమిద్దరమే వారసులమై యున్నందున” అని ఉంది. మీ కొనుగోలు మంచిదో కాదో తేల్చేవి ఈ రెండు మాటలే, ఈ రెండూ ఏ ఈసీలోనూ కనిపించవు.

ఈసీ అనేది ఫలానా కాలంలో ఫలానా సర్వే నంబరు మీద సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదైన దస్తావేజుల జాబితా మాత్రమే. నమోదు కానిదేదీ అందులోకి రాదు. రిజిస్టరు చేయని వీలునామా, నోటిమాట మీద జరిగిన పంపకాలు, కోర్టులో నడుస్తున్న దావా, చనిపోయిన మనిషికి ఎంతమంది వారసులున్నారన్న సంగతి, ఇవేవీ ఈసీకి తెలియవు. మీ విషయంలోనే చూడండి, 2011 భాగపరిష్కారం 13 ఏళ్ల గడువుకు కాస్త వెనక పడింది కాబట్టి ఆ దస్తావేజు కూడా మీ ఈసీలో రాలేదు. ఆన్‌లైన్‌లో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి, అక్కడి నుంచి తీయండి. అంతకుముందుది సంబంధిత కార్యాలయంలో దరఖాస్తు పెట్టి పాత ఇండెక్సులు వెదికించి తీసుకోవాలి. మీకు 1979 దస్తావేజు ఉంది కాబట్టి దాని వెనక ఏముందో కూడా చూడాల్సిందే. రీసర్వే జరిగిన గ్రామమైతే పాత సర్వే నంబరుతోనూ, రీసర్వేలో ఒక్కో కమతానికి ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం నంబరుతోనూ, యజమానుల పేర్లతోనూ విడివిడిగా వెదకాలి. సబ్‌డివిజన్ కాకముందు నంబరుతో నమోదైన తనఖా, సబ్‌డివిజన్ నంబరుతో వెదికితే దొరక్కపోవడం నేను చాలాసార్లు చూశాను.

పాస్‌పుస్తకం, వన్-బీ గురించి కూడా ఇదే మాట. ఇవి 1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టం కింద రెవెన్యూ శాఖ నడిపే రికార్డులు. పేరు మారినంత మాత్రాన హక్కు పుట్టదని, పేరు లేనంత మాత్రాన హక్కు పోదని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. సబ్ రిజిస్ట్రారు కూడా అమ్మేవారికి నిజంగా హక్కు ఉందా అని విచారించరు, అది ఆయన పని కాదు. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడే పద్ధతి మన దగ్గర లేదు. ఆ దిశగా తెచ్చిన భూ యాజమాన్య హక్కు చట్టం 2023 అక్టోబరు చివర అమలులోకి వచ్చి, 2024లోనే రద్దయింది. కాబట్టి కొనేవారే మూలం దాకా వెళ్లి చూసుకోవాలి.

ఇక వారసుల విషయానికి వస్తాను. మన ప్రాంతంలో ఆడపిల్లల వాటా అనగానే హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన 1985 సవరణ ముందా వెనకా, 2005 సవరణ ముందా వెనకా అని వాదన మొదలవుతుంది. మీ కేసుకు ఆ వాదనతో పనే లేదు. ఆ సవరణలు పిత్రార్జితానికి సంబంధించినవి. మీరు కొనబోయేది తండ్రి తన పేర కొనుక్కున్న స్వార్జితం. అలాంటి ఆస్తి ఆయన వీలునామా లేకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. కూతుళ్లకు ఈ హక్కు 1956 నుంచే ఉంది. ఇక్కడ భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, మొత్తం ఐదు వాటాలు. అంటే మీకు 60 అంకణాలు అమ్ముతానంటున్న ఆయనకు ఉన్నది 120లో ఐదో వంతు, లెక్కకు 24 అంకణాలు. అదీ ఏ మూలన ఉందో తేలని ఉమ్మడి వాటా. అన్నదమ్ములిద్దరూ రాసుకున్న భాగపరిష్కారం వారిద్దరినీ కట్టివేస్తుందేమో గానీ, అందులో సంతకం చేయని తల్లినీ అక్కచెల్లెళ్లనూ కట్టివేయదు.

పెళ్లిలో ఇచ్చిన బంగారం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన డబ్బు, వీటివల్ల ఆడబిడ్డ వాటా చెల్లిపోదు. ఇన్నేళ్లూ వారు అడగలేదు కదా అనే మాట కూడా నిలబడదు. ఉమ్మడి వారసుల్లో ఒకరు అనుభవిస్తుంటే, అందరి తరఫున అనుభవిస్తున్నట్లే చట్టం భావిస్తుంది. వారి హక్కును బహిరంగంగా కాదని, వారికి తెలిసేలా, 12 ఏళ్లకు పైగా అనుభవించినట్లు రుజువు చేస్తే తప్ప ఆ హక్కు పోదు, ఆ రుజువు ఎంత కష్టమో దావాలు నడిపినవారికే తెలుస్తుంది. కాబట్టి తల్లి, అక్కచెల్లెళ్లు మీ క్రయ దస్తావేజులో అమ్మకందారులుగా చేరాలి, లేదా ముందుగానే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేసి ఇవ్వాలి. సాక్షులుగా సంతకం పెట్టిస్తామని మధ్యవర్తులు సర్దిచెబుతారు, దానికి ఒప్పుకోకండి. సాక్షి సంతకం పెట్టినంత మాత్రాన దస్తావేజులో ఏముందో తెలిసి ఒప్పుకున్నట్లు కాదు. ఒక చెల్లెలు విదేశంలో ఉన్నారంటే, అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ తెప్పించి, ఇక్కడికి చేరిన 3 నెలల్లో స్టాంపు సుంకం కట్టించి వాడుకోవచ్చు. ఆ మాత్రం ఆలస్యానికి కూడా అమ్మేవారు ఒప్పుకోకపోతే, ఆ ఇంట్లో ఇంకా తేలని మాట ఏదో ఉందని అర్థం చేసుకోండి.

ఇంకొకరిని అందరూ మరిచిపోతారు. చనిపోయినాయన కన్నతల్లి. 2009లో ఆయన పోయేనాటికి ఆమె బతికి ఉందా? ఉంటే ఆమెకూ కోడలితో, మనుమలతో సమానంగా వాటా ఉంది, అప్పుడు ఐదు వాటాలు ఆరు అవుతాయి. కొన్నేళ్ల కిందట తిరుచానూరు వైపు స్థలం కొన్న దంపతులు నా దగ్గరికి వచ్చారు. వారు చాలా జాగ్రత్తగా కొన్నారు. ఆ స్థలం అసలు యజమాని చనిపోతే, ఆయన భార్య వేలిముద్ర, నలుగురు పిల్లల సంతకాలు, అల్లుళ్ల సాక్ష్యం, అన్నీ ఉన్నాయి. అయితే దస్తావేజుతో పాటు కుట్టిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో చివరి వరుసన “తల్లి, 88 సంవత్సరములు” అని స్పష్టంగా ఉంది. ఆ కాగితాన్ని అందరూ పట్టుకున్నారు గానీ చివరిదాకా ఎవరూ చదవలేదు. కొడుకు పోయిన రెండేళ్లకు ఆ పెద్దావిడ కూడా పోయింది. ఆమె వాటాలో ఆమె మిగిలిన కొడుకులకు, కూతుళ్లకు కూడా భాగం వచ్చింది, వారు విభాగ దావా వేశారు. ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకున్నాక సమను అందుకోవడం ఎంత బాధగా ఉంటుందో ఆ దంపతుల ముఖాల్లో చూశాను. చివరికి డబ్బు ఇచ్చి రాజీ చేసుకున్నారు. మీరు మాత్రం 2009 నాటికి నాయనమ్మ ఉన్నారా లేరా అని అడిగి, లేరంటే మరణ ధ్రువపత్రం చూపమనండి.

ఇప్పుడు “సర్కారు పట్టా” సంగతి. నా దృష్టిలో వారసుల చిక్కు కన్నా ఇదే పెద్దది, ఎందుకంటే అక్కచెల్లెళ్లను ఒప్పించి సంతకం పెట్టించవచ్చు, చట్టాన్ని ఒప్పించలేము. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. శ్రీకాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీల కింద ఉన్న గ్రామాల్లో 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సాగుదారులకు ప్రభుత్వం రైతువారీ పట్టాలు ఇచ్చింది. ఇనాం భూములకు 1956 చట్టం కింద అలాగే ఇచ్చారు. వీటినీ జనం సర్కారు పట్టా అనే అంటారు, ఇవి సంపూర్ణ హక్కు పట్టాలు, నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు. రెండోది డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వ భూమిని పేదవారికి దరఖాస్తు మీద అసైన్ చేసి ఇచ్చినది. 1954 జూన్ 18 నాటి 1142వ నంబరు జీవోతో, ఇలా ఇచ్చిన భూమిని అమ్మకూడదనే షరతు ఆంధ్ర ప్రాంతంలో వచ్చింది. ఆ తేదీకి ముందు, అటువంటి షరతు లేకుండా ఇచ్చిన పట్టా అయితే ఇబ్బంది లేదు. తర్వాత షరతుతో ఇచ్చినదైతే, 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. మీ అమ్మకందారు తండ్రి కొన్నది 1979లో, అంటే చట్టం వచ్చిన తర్వాత. కాబట్టి ఆ మొదటి పట్టా ఏ తేదీన, ఏ పద్ధతిలో ఇచ్చారన్నదాని మీదే తర్వాత జరిగినదంతా ఆధారపడి ఉంది.

2023లో చట్టం సవరించారు కదా, 20 ఏళ్లు దాటినవన్నీ సొంతమైపోయాయి కదా అని మధ్యవర్తి మీతో అని ఉండవచ్చు. ఆ సవరణ మేలు చేసింది అసలు పట్టా పొందినవారికి, వారి వారసులకు, వారి దగ్గర కొన్నవారికి కాదు. పైగా 2024లో ప్రభుత్వం మారిన తర్వాత, ఆ విధంగా నిషేధం తొలగించిన భూముల రిజిస్ట్రేషన్లను పరిశీలన కోసం నిలిపివేశారు. ఆ ఆశ మీద డబ్బు పెట్టవద్దు.

దీన్ని తేల్చుకోవడానికి తహసీల్దారు కార్యాలయం నుంచి ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు తీసుకోవాలి. ఎస్టేటు గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఇనాం అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు చూడాలి. మామూలుగా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆర్‌ఎస్‌ఆర్‌లో ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో వరుస ఉంటుంది. మొదట భూమి ప్రభుత్వానిదా, రైతువారీయా, ఇనామా అని, తర్వాత మెట్టా మాగాణా అని, విస్తీర్ణం, శిస్తు, చివరి గడిలో పట్టాదారు పేరు లేదా “పోరంబోకు”, “అనాధీనం” (ఎవరికీ పట్టా ఇవ్వని ప్రభుత్వ బంజరు) వంటి మాట. కొన్నిచోట్ల ఆ చివరి గడిలో పేరు బదులు వరుసగా చుక్కలు మాత్రమే ఉంటాయి. వీటినే చుక్కల భూములంటారు, వీటి కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ నకలు మీ చేతికి వచ్చిన రోజున మిగిలిన కాగితాలన్నీ పక్కన పెట్టి ముందు ఆ ఒక్క వరుస చదవండి.

దాంతో పాటు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 22-ఏ నిషేధిత ఆస్తుల జాబితాలో మీ గ్రామం, సర్వే నంబరు వెదకండి. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు భూములు అందులో ఉంటాయి. తిరుపతి చుట్టుపక్కల తిరుమల తిరుపతి దేవస్థానానికి, హాథీరాంజీ మఠానికి చెందిన భూములు చాలా ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఈ పరిశీలన మరింత ముఖ్యం. జాబితాలో లేదంటే మంచిదే, అయితే అంతటితో నిశ్చింతగా ఉండకూడదు. ఇప్పుడు జాబితాలో లేని నంబరును తర్వాత చేర్చవచ్చు. మూలం గట్టిగా ఉన్నప్పుడే దాన్ని తొలగించమని కలెక్టరును, హైకోర్టును అడగగలం.

కాగితాలు చదివాక భూమి మీదికి వెళ్లండి. చెక్కుబందీ నాలుగు వైపులా పాత దస్తావేజులో ఎలా రాశారో, కొత్త దాంట్లో ఎలా రాశారో పక్కపక్కన పెట్టి చదవండి. రేణిగుంట వైపు ఒక స్థలం కాగితాలు పరిశీలిస్తుంటే, 1968 దస్తావేజులో తూర్పు హద్దు “వంక” అని ఉంది. 1987లో అదే హద్దు “కాలువ” అయింది. 2004 నాటికి “20 అడుగుల దారి” అయింది. ప్రతి దస్తావేజులోనూ విస్తీర్ణం కాస్త కాస్త పెరుగుతూ వచ్చింది. భూమి పెరగదు కదా, వంక లోపలికి జరిగారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ స్థలం కొనడం జరిగిపోయింది, 2021 నవంబరు వానలకు ఆ ఇంట్లోకి నడుములోతు నీళ్లు వచ్చాకే ఆయన కాగితాలు తీసుకుని వచ్చాడు. నీరు పోయే దారి పోరంబోకు, దాని మీద ఎన్ని రిజిస్టరు దస్తావేజులున్నా హక్కు రాదు. సర్వేయరుతో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు వారీ కొలతల పటం) ప్రకారం కొలిపించి, రాళ్లు పాతించి, పక్కవారి సంతకాలతో పంచనామా రాయించుకోండి. అంకణం కొలత కూడా రాతలో ఉండాలి. మన తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. మీ 60 అంకణాలు 240 చదరపు గజాలు, దాదాపు 5 సెంట్లు. దస్తావేజులో గజాలు, సెంట్లు రెండూ రాయించండి. లేఅవుట్ అనుమతి లేకుండా విడగొట్టిన స్థలమైతే రిజిస్ట్రేషన్ జరిగినా ఇంటి ప్లానుకు చిక్కు వస్తుంది, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో ముందే అడగండి.

అసలు దస్తావేజులు చూపమని అడిగితే “బీరువాలో ఉన్నాయి, రిజిస్ట్రేషన్ నాడు తెస్తాం” అన్నారని రాశారు. జిరాక్సు చూసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అసలు దస్తావేజు ఎక్కడో కుదువలో ఉందేమో చూసుకోవాలి. బ్యాంకు దగ్గర పెట్టి ఉంటే తనఖాలు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో వెదికితే తెలిసే అవకాశం ఉంది, ప్రైవేటు వడ్డీవ్యాపారి దగ్గర ఉంటే ఎక్కడా తెలియదు. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ల పేర్లతో తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో దావాలేమైనా ఉన్నాయా అని చూడండి. దావా నడుస్తుండగా కొన్నవారికి ఆ తీర్పు వర్తిస్తుంది, దావా సంగతి తెలియదన్న జవాబు అక్కరకు రాదు.

అగ్రిమెంట్-కమ్-జీపీఏ (అమ్మకపు ఒప్పందం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ కలిపిన పత్రం) చేసుకుని తర్వాత రిజిస్ట్రేషన్ చూసుకుందామనే సలహా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అలాంటి పత్రంతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది.

ఇక మీ రెండో ప్రశ్న. కొన్నాక ఎవరో వచ్చి కంచె వేస్తే పోలీసులు సాధారణంగా ఇది సివిల్ తగాదా అంటారు. శాంతిభద్రతల సమస్య ఉందనిపిస్తే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 145వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 164వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందుకు వెళ్లవచ్చు గానీ, అక్కడ తేలేది ఎవరి స్వాధీనంలో ఉందన్నంత వరకే. మీ స్వాధీనం స్పష్టంగా ఉండి, ఎదుటివారికి ఏ కాగితమూ లేకపోతే నిషేధాజ్ఞ దావా సరిపోతుంది. వారి దగ్గరా దస్తావేజు ఉంటే, మీ హక్కు మీద నీడ పడినట్లే, అప్పుడు హక్కు ప్రకటన కోరుతూ దావా వేయాలి, స్వాధీనం పోయి ఉంటే దాన్నీ కలిపి అడగాలి. ఈ తేడాను 2008లో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది, అయినా తొందరలో ఒట్టి ఇంజంక్షన్ దావా వేసి, పదేళ్లు తిరిగి, హక్కు ప్రకటన అడగలేదన్న కారణంతో ఓడిపోయినవారు ఇప్పటికీ కనిపిస్తారు. ప్రకటనకు గడువు హక్కును కాదన్న నాటి నుంచి 3 ఏళ్లు, హక్కు ఆధారంగా స్వాధీనం కోరడానికి 12 ఏళ్లు. అమ్మినాయన ధర పెరిగిందని ఒంటరిగా రద్దు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించబోతే, మన రాష్ట్ర రిజిస్ట్రేషన్ నిబంధనలు అందుకు ఒప్పుకోవు, ఇద్దరూ రావాలి. లాయరు ఫీజు భరించలేని స్థితిలో ఉంటే న్యాయసేవాధికార సంస్థను 15100 నంబరులో అడగవచ్చు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం వస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు, దాని మీద అప్పీలు ఉండదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య తగాదాలకు ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

వారం గడువు గురించి అమ్మే ఆయనకు నేరుగా చెప్పండి, కొనే ఉద్దేశం గట్టిగానే ఉందని, తల్లి, అక్కచెల్లెళ్లు అగ్రిమెంటులో చేరితే ఆ రోజే చెక్కు రూపంలో ఇస్తామని. ఆర్‌ఎస్‌ఆర్ నకలు వచ్చి, భూమి అసైన్డ్ కాదని తేలితేనే మిగిలిన సొమ్ము, తేలకపోతే అడ్వాన్సు ఫలానా తేదీలోగా వాపసు అని అగ్రిమెంటులో రాయించండి. నగదు వద్దు. ధర 50 లక్షలు చేరితే 1 శాతం టీడీఎస్ మీరే కోసి కట్టాలి. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం అవుతుంది, ఆ మొత్తాన్ని ముందే లెక్కలో పెట్టుకోండి. అంతకన్నా ముందు సర్వే నంబరుతో ఆర్‌ఎస్‌ఆర్ నకలు సంపాదించండి. ఆ నకలులో చివరి గడిలో ఏం రాసి ఉందో నాకు తెలియజేస్తే, అక్కచెల్లెళ్లతో మాట్లాడే దాకా వెళ్లడం అవసరమో కాదో అప్పుడు చెప్పగలను.